మునిమాపువేళ గుడ్లగూబ



నేటి ప్రసంగ విషయము వినగానే కొందరు నవ్వుకొనవచ్చును. మరికొందరు, దీపము పెట్టు వేళ ఆ పేరేల యెత్తవలెనని విసుగుకొనవచ్చును. నేను మాటలాడబోవునది గుడ్లగూబను గూర్చి. ప్రొద్దు గ్రుంకిన తరువాత మిగులు కొలదిపాటి వెలుతురులో దానిని ఛాయాచిత్రముగా తీయు పనిని గూర్చి. మార్కాపురము, గిద్దలూరు, కంభము, యర్రగొండపాలెము ప్రాంతముల పెద్దలకు దీనితో నేమి పని యని యడుగుదురేమో. పని కలదు. కెమేరాలు చేతబట్టుకొని పక్షులను వెదకుచు పల్లెలకు వచ్చు యువకులు నానాటికి హెచ్చుచున్నారు. గూబ యుండు చెట్టును వారికి చూపగలవారు మీరు, లేదా మీ మనుమలు. చిత్రము తీయువాని నేర్పు ఎంత గొప్పదైనను, ఆ పక్షి బ్రదుకు మాత్రము మీ విచక్షణమీదనే యాధారపడియున్నది. ఈ మాట యెట్లు నిజమో విన్నవించుటయే నా యుద్దేశము.

ముందుగా మన సీమను తలచుకొందము. 1970వ సంవత్సరము వరకు కర్నూలు జిల్లాలో నుండి, ఆ యేట ప్రకాశము జిల్లాలో చేరిన తాలూకాలివి. పడమట నల్లమల, ఆ కొండలలో పుట్టి దిగివచ్చు గుండ్లకమ్మ, దానికి అడ్డకట్ట వేసి నిలిపిన కంభము చెఱువు, మార్కాపురపు పలకరాతి గనులు, ఊరూర చింతచెట్లు, మఱ్ఱిమాకులు, పాతబావులు, గాలిగోపురములు. మనకు వేఱు వేఱుగా తోచు ఈ చోట్లన్నియు గూబలకు నివాసములే.

చింతతొఱ్ఱలో నుండి పొద్దు వాలకమునుపే తల బయట పెట్టి, మనలను చూచి మెడ పైకిని క్రిందికిని ఆడించు చిన్నపక్షి యొకటి కలదు. ఒడలెల్ల తెల్లని చుక్కలు, పసుపుపచ్చని కన్నులు. కన్నుల రంగును బట్టియే పూర్వులు దానిని పైడికంటి యనిరి. హృదయాకారమైన తెల్లని ముఖముతో గోపురములలోను, పాడుబడిన మేడలలోను నుండి, రాత్రివేళ గొంతు చించుకొన్నట్లరచునది మఱియొకటి. దానికి చావుపిట్ట యని పేరు పెట్టి మనవారు అన్యాయము చేసిరి. తలపై రెండు ఈకల కొమ్ములతో రాతిగుట్టలలోను, వాగుల గండ్లలోను నివసించు పెద్ద గూబ వేఱు. నీటియొడ్డు వృక్షములపై నుండి చేపలను, పీతలను పట్టు గూబ వేఱు. చెట్టు బెరడు రంగులో కలిసిపోయి, పక్కనే నిలుచున్నను కంటబడని చిన్న గూబలు అడవిలో మఱికొన్ని గలవు.

సంస్కృతమున గూబకు దివాంధము అనియు, వాయసారాతి యనియు నామములు గలవు. మొదటి నామము సరికాదు. గూబ పగలు గ్రుడ్డిది కాదు. దాని కంటిపాప వెలుతురులో చిన్నదై పగటిచూపునకు చాలినంత కాంతిని లోనికి విడుచును. రెండవ నామము మాత్రము నిండునిజము. వాయసారాతి యనగా కాకులకు శత్రువు. పట్టపగలు ఒక చెట్టుచుట్టు కాకులు మూగి గోలపెట్టుచున్నచో, ఆ యాకుల నడుమ గూబ కూర్చుండియుండుట తఱచు. పంచతంత్రమున కాకోలూకీయమను భాగమే యున్నదిగదా! చిత్రకారుడు గూబను వెదకుటకు మొదట నేర్వవలసినది కాకుల భాష.

ఇక దాని కన్నును గూర్చి. గూబ చూపు మనిషి చూపుకంటె నూరింతలు వాడియని జనులు చెప్పుకొందురు. ఐరోపా ఖండమునందలి ఒక జాతి గూబను పరీక్షించి 1977లో ప్రకటించిన లెక్క వేఱుగా నున్నది. చీకటిలో దాని చూపు మన చూపుకంటె సుమారు రెండింతలు మాత్రమే సూక్ష్మమని తేలినది. అట్లయిన చీకటిలో అది యెట్లు వేటాడును? చెవితో. అమెరికాలో రోజర్ పెయిన్ అను శాస్త్రజ్ఞుడు కటికచీకటి గదిలో తెల్లముఖపు గూబను విడిచి, ఎలుక కదలినప్పటి యాకుల చప్పుడు మాత్రమే యాధారముగా అది ఎలుకను పట్టుకొనునని చూపెను. దాని చెవులలో నొకటి కొంచెము మీదికి, మఱియొకటి కొంచెము క్రిందికి నుండును. ఒకే చప్పుడు రెండుచెవులకు చేరుటలోని సూక్ష్మభేదమును బట్టి అది గురి కుదుర్చుకొనును. రెక్కల యంచున దువ్వెన పండ్లవంటి మెత్తని కుచ్చు ఉండుటచే ఎగురునప్పుడు చప్పుడు కాదు. కన్నులు గుంటలలో కదలవు గనుక, మెడను 270 డిగ్రీల వరకు త్రిప్పి చూచును. మన మెడలో ఎముకలు 7 కాగా దాని మెడలో 14.

ఇందుండి మనము గ్రహింపవలసిన దేమనగా, గూబ చీకటికి రాణి కాదు. తాను పుట్టి పెరిగిన కొమ్మలను, గట్లను, దారులను ఎఱిగియుండుటయే దాని బలము. పరిచితమైన చోటునుండి దానిని తఱిమినచో కన్నున్నను, చెవియున్నను ఆ బలము సగము పోవును.

చిత్రము తీయువాని కష్టమునకు వత్తము. ఛాయాచిత్రమనగా వెలుతురు వ్రాసిన వ్రాత. వెలుతురు తగ్గిన కొలది రెండు మార్గములు గలవు. కెమేరా కన్ను ఎక్కువసేపు తెరచియుంచుట యొకటి; లోపలి పలక సున్నితత్వమును పెంచుట రెండవది. ఎండలో సెకండులో 1/1000వ వంతు తెరచినచో చాలును. మునిమాపున దానిని 1/15కు దించినచో వెలుతురు సుమారు 64 రెట్లు చేరును. సున్నితత్వమును 100 నుండి 6,400కు పెంచినచో మఱియొక 64 రెట్లు. ఈ రెండును గుణించిన 4,096. గొప్ప సంఖ్యయే! కాని పున్నమి వెన్నెల, ఎండలో సుమారు 4,00,000వ వంతు మాత్రమే. అనగా ఇన్ని రెట్లు పెంచినను వెన్నెలకు ఇంకను నూఱింతల కొఱత మిగులును. కటకపు కన్ను విశాలముగా తెరచినను ఆ కొఱత కొంతయే తీరును. పైగా తెరచియుంచిన కాలము హెచ్చినచో పక్షి తల త్రిప్పగానే ముఖము చెదరిపోవును. సున్నితత్వము హెచ్చినచో చిత్రముపై ఇసుక చల్లినట్లు మచ్చలు పడును.

కావున కృత్రిమమైన వెలుగు వాడదలచని చిత్రకారునికి దొరకు కాలము మిక్కిలి స్వల్పము. మన అక్షాంశములలో సూర్యుడు నిట్టనిలువుగా దిగిపోవుటచే, అస్తమయానంతరము 20, 25 నిమిషములలోనే కనుచీకటి క్రమ్మును. ఉత్తరదేశములలోని వేసవిసంధ్య గంటలకొలది సాగును. మనకు ఆ భాగ్యము లేదు. తెల్లవారుజామున మరల అంతయే కాలము లభించును. ఈ రెండు సంధ్యలలోనే పని ముగియవలెను.

నేర్పరియైనవాడు ఏమి చేయును? మొదటి కొన్ని సాయంకాలములు కెమేరాయే తేడు. దూరముగా కూర్చుండి గూబ ఏ తొఱ్ఱ విడిచి ఏ కొమ్మపై వ్రాలునో, ఎంతసేపు నిలుచునో కనిపెట్టును. ప్రతి గూబకును తనకు అలవాటైన కొమ్మ యొకటి యుండును. పిమ్మట పడమర తన వీపువైపునకు వచ్చునట్లు చోటు చూచుకొనును. అట్లయిన ఆకాశపు చివరి కాంతి పక్షి ముఖముపై పడును. మూడుకాళ్ల పీటపై కెమేరాను కదలకుండ బిగించి, వెలుతురుండగనే ఆ కొమ్మకు చూపు కుదిర్చి, కంచెకాపరి మంచెపై కూర్చున్నట్లు మౌనముగా వేచియుండును. గూబ ఇటు చూచి, అటు చూచి, ఒక్క రెప్పపాటు శిలవలె నిలుచును. ఆ రెప్పపాటులో 1/15వ వంతు సెకండు దొరకినచో చాలును. పదిదినముల పనికి ఫలము ఒక్క చిత్రము. ఒక్కటియు దొరకకపోవుటయు కలదు.

ఓర్పు లేనివాని త్రోవ వేఱు. చెట్టుక్రింద నిలిచి పెద్ద టార్చిలైటు వేయును. మెఱపుదీపమును మాటిమాటికి వెలిగించును. చేతిఫోనులో గూబకూతను వినిపించి, తన యెల్లలోనికి శత్రువు వచ్చినదను భ్రమతో అది బయటికి వచ్చునట్లు చేయును. ఎలుకను కట్టి ఎరగా వేయును. ఒక్క మెఱపుతో గూబ కన్నులు పోవునని కొందరందురు, అది యతిశయోక్తి. కాని చీకటికి అలవడి విప్పారిన కన్ను హఠాత్తుగా వెలుగు తగిలిన తడబడును. చీకటిదారిలో మోటారుబండి దీపము ఎదురైనప్పుడు మనమును తడబడుదుము గదా! ఆ తడబాటులో ఎగిరినచో పక్షికి కొమ్మయే శత్రువు. పిల్లలకు మేత తెచ్చు వేళ తల్లి భయపడి రానిచో తొఱ్ఱలోని పిల్లలు ఆకలితో నుండును. ఒక్కని వేడుక యొక్క సంసారమునకు ఉపవాసమగును.

గూబయు ఊరకయుండదు. ఆంగ్లదేశమున ఎరిక్ హాస్కింగ్ అను సుప్రసిద్ధ పక్షి ఛాయాచిత్రకారుడు 1937లో వేల్సు ప్రాంతమున గూబగూటి చెంత చీకటివేళ పనిచేయుచుండగా, తల్లిగూబ చప్పుడు చేయక వచ్చి గోళ్లతో కొట్టెను. ఎడమకన్ను పోయెను. అప్పుడాయన యువకుడు. అంతటితో పని మానక ఒంటికంటితోనే మఱి కొన్ని దశాబ్దములు పక్షులను చిత్రించి, 1970లో ప్రకటించిన తన జీవితచరిత్రకు ‘పక్షికై ఒక కన్ను’ అను నర్థము వచ్చు పేరు పెట్టెను. పక్షిపై ఆయన పగబూనలేదు. పిల్లలను కాచుకొను తల్లి చేయు పనియే అది చేసినది. గూడున్న చెట్టెక్కవలదని మన పిల్లలకు చెప్పుటకు ఈ యొక్క కథ చాలును.

ఇంత శ్రమపడి చిత్రము తీయుటవలన లోకమునకేమి లాభమని మీ రడుగవచ్చును. పూర్వము పక్షిశాస్త్రమున సాక్ష్యమనగా పక్షి శవము. తుపాకితో కొట్టి, తోలు ఒలిచి, దూదికూరి పెట్టెలో దాచినగాని ఎవరును నమ్మరైరి. మధ్యభారతపు అడవులలోనుండు ఒక చిన్నగూబను 1872లో తొలుత సేకరించిరి. 1884 తరువాత దాని జాడ లేదు. తరువాతి కాలమున మైనెర్ట్జ్‌హాగెన్ అను సేకర్త, ప్రదర్శనశాలనుండి దొంగిలించిన శవమునకే క్రొత్త చీటి కట్టి, తాను 1914లో పట్టినట్లు చూపెను. ఆ అబద్ధపు చీటివలన వెదకువారు దారి తప్పిరి. మోసము బయటపడిన పిదప పమేలా రాస్ముస్సెన్, బెన్ కింగ్, డేవిడ్ అబట్ అను మువ్వురు 1997 నవంబరులో మహారాష్ట్రమునందలి షహాదా దగ్గర ఆ గూబను సజీవముగా చూచి, చిత్రములు తీసి లోకమునకు చూపిరి. 113 సంవత్సరముల సందేహమును తీర్చుటకు ఒక్క పక్షియు చావవలసిన పనిలేకపోయినది. శవము సాక్ష్యముగా నుండిన కాలము పోయి, చిత్రము సాక్ష్యముగా నిలిచిన కాలము వచ్చినది.

మన పొరుగు జిల్లాలోని సంగతి మీకు మఱింత సన్నిహితము. 1900 తరువాత ఎవరును చూడలేదని శాస్త్రజ్ఞులు తలపోసిన కలివికోడి, 1986 జనవరిలో కడపజిల్లా పొదలడవిలో మరల కనబడినది. అది గూబ కాదు. కాని రాత్రివేళ తిరుగు పక్షియే. బొంబాయినుండి వచ్చిన పండితులు ఎచ్చట వెదకవలెనో తెలిసికొన్నది ఆ ప్రాంతపు గ్రామస్థుల వలననే. అందు ఒక దుఃఖము కూడ గలదు. దీపపు వెలుగున పట్టువడిన ఆ మొదటి పక్షి కొలదికాలములోనే చనిపోయినది. చూచుటకు దీపము కావలెను. కాని దీపము పట్టినచేతికి నిగ్రహము కూడ కావలెను. అప్పటికిని ఇప్పటికిని పాఠమొక్కటే.

మన నల్లమలలోనే పులులను లెక్కించుటకు చెట్లకు కట్టిన కెమేరాలను మీలో కొందరు చూచియుందురు. మృగము దాటగానే అవి తమంతట చిత్రము తీసికొనును. ఈ యూహ నేటిది కాదు. 1920ల దశకముననే ఛాంపియన్ అను అటవీయధికారి ఉత్తరహిందూస్థానపు అడవులలో, దారికి అడ్డముగా సన్నని తీగ కట్టి, పులి కాలు తగులగనే చిత్రము పడునట్లు చేసెను. 1927లో ఆ చిత్రములతో పుస్తకము ప్రకటించెను. తుపాకిని దించి కెమేరాను ఎత్తినవారి త్రోవ యిది. అభయారణ్యములోనికి మాత్రము అటవీశాఖ యనుమతి లేక ఎవరును పోరాదు; చిత్రములకై యైనను పోరాదు. ఊరిచెట్లమీది గూబలకు అనుమతి నిచ్చువారు, నా దృష్టిలో, మీరే.

కాబట్టి కెమేరాతో వచ్చు యువకుని మీరు తఱిమివేయవలదు. అతనికి కొన్ని నియమములు చెప్పుడు. గూడున్న తొఱ్ఱ దాపునకు పోరాదు. ముఖ్యముగా ఫిబ్రవరి మొదలు ఏప్రిలు వరకు, అది పైడికంటి గ్రుడ్లు పెట్టి పిల్లలను సాకు కాలము. వెలుగు వేయరాదు. కూత వినిపింపరాదు. ఎర కట్టరాదు, పక్షిని పట్టి కొమ్మకు కట్టి తీసిన చిత్రము చిత్రమే కాదు, కూటసాక్ష్యము. చెట్టున్న చోటును పదిమందికి చాటరాదు. ఈనాటి ఫోనులు చిత్రముతోపాటు తీసిన స్థలమును కూడ లోపల వ్రాసిపెట్టుకొనునని, ఆ వ్రాతను తొలగించియే ఇతరులకు పంపవలెనని అతనికి జ్ఞాపకము చేయుడు. ఈ నియమములకు ఒప్పుకొన్నవాడు మంచి చిత్రకారుడు. ఒప్పుకొననివానికి చెట్టు చూపవలదు.

స్థలమును దాచుట యెందుకనగా, వెదకువారు చిత్రకారులు మాత్రమే కారు. గూబ గోళ్లకును, ఈకలకును, రక్తమునకును మంత్రశక్తి కలదని నమ్మి కొనువారు దేశమున నున్నారు. 2010లో ట్రాఫిక్ ఇండియా యను సంస్థ ప్రకటించిన నివేదిక, దీపావళి సమయమున గూబల వ్యాపారము పెచ్చుపెరుగుచున్నదని హెచ్చరించెను. లక్ష్మీదేవి వాహనమని వంగదేశీయులు మ్రొక్కు పక్షిని, ఆ లక్ష్మి పేరనే చంపుట ఎంతటి విపరీతము! 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము గూబను పట్టుట, చంపుట, అమ్ముట నేరములు. పండుగకు ముందు క్రొత్తమనిషి వచ్చి గూబతొఱ్ఱ యెక్కడనని మీ పిల్లలను అడిగినచో, వాని చేత కెమేరా యున్నను లేకున్నను, విచారింపవలసినది మీరే.

అపశకునమను మాట మిగిలియున్నది. గూబ ఇంటిమీద కూసిన చావు తప్పదని మన పెద్దలు చెప్పిరి. నేను వాదమునకు దిగను. ఒక్క పరీక్ష చెప్పెదను. గూబ వాసముండు చెట్టుక్రింద, వ్రేలెడు పొడవున బూడిదరంగు ఉండలు పడియుండును. అవి రెట్టలు కావు. మ్రింగిన జీవములో అరుగని బొచ్చును, ఎముకలను గూబ ఉండకట్టి నోటివెంట క్రక్కును. అట్టిదొకటి నీటిలో నానవేసి, పుల్లతో విడదీసి మీ మనుమనికి చూపుడు. అందు ఎలుకల పుఱ్ఱెలు, దవడలు, పండ్లు కనబడును. గాదెలోని గింజను, చేలోని కంకిని తిను ఎలుకల లెక్క అందు వ్రాయబడియున్నది. ధాన్యమున్న చోట ఎలుక, ఎలుకయున్న చోట గూబ. అది మన యింటిదాపున కూసినది చావు తెచ్చుటకు కాదు. మన గాదెయొద్ద దానికి ఆహారము దొరకినందున.

మంచి ఛాయాచిత్రము చేయగల పని ఇచ్చటనే గలదు. చీకటిలో కూతగా మాత్రమే యెఱిగిన ప్రాణిని అది ముఖముగా చూపును. తల్లి నోట ఎలుక, తొఱ్ఱవాకిట నోరు తెరచిన మూడుపిల్లలు: ఈ చిత్రమును బడిగోడకు తగిలించినచో, రాయి యెత్తిన బాలుని చేయి ఒక క్షణమాగును. వందసార్లు వలదని చెప్పుటకంటె ఒకసారి చూపుట మేలు. కావుననే, మీ యూరిలో గూబ చిత్రము తీసినవానిని ఒక ప్రతి అడిగి తీసికొనుడు. చెట్టు చూపినందుకు గ్రామమునకు చెల్లవలసిన కానుక యది.

చిత్రమునకు ముందు పక్షి, పక్షికి ముందు చెట్టు ఉండవలెను. తొఱ్ఱపడిన ముసలి చింత వంటచెఱకుకు తప్ప పనికిరాదని కొట్టివేయుదుము. కాయ తగ్గినను, కలప పుచ్చినను, తొఱ్ఱగల చెట్టు నాటినంతమాత్రమున దొరకునది కాదు. తాతలనాటి కాలము దానిలో నుండవలెను. ఎంత గొప్ప కెమేరాయైనను లేని తొఱ్ఱను కల్పింపజాలదు. పొలము గట్టునగాని, గుడి వెనుకగాని అట్టి చెట్టొకటి మీ యూర నున్నచో, దానిపై గొడ్డలి పడకముందు ఒక్క మునిమాపున దూరముగా కూర్చుండి, అందెవరు కాపురమున్నారో చూచి, పిమ్మట నిర్ణయము చేయుడని ప్రార్థించుచు, మీయొద్ద సెలవు తీసికొనుచున్నాను.